పెద్దమనిషి కాని సినిమా మామ్మ

జిండెల్ఫింగెన్‌లో సాయంత్రం పాపని కీటా నుంచి, అదే ఇక్కడి పిల్లల బడి నుంచి, తీసుకొస్తుంటే ఇల్మెనౌ నుంచి ఫోన్ వచ్చింది. నాతో పాటు అక్కడ ఎమ్మెస్ చదివి, నేను ఉద్యోగానికి ఇటొచ్చేశాక కూడా ఆ ఊరు వదలక పీహెచ్‌డీలో కూలబడ్డ కరీంనగర్ తమ్ముడు.

"అక్కా, పనిల ఉన్నవా? ఒక మాట జెప్పాలె. మన సినిమా మామ్మ పాణం ఇడిసిందట."

"ఎప్పుడ్రా?"

"పోయిన వారమట. నాకు గూడ ఇయ్యాల్నే ఎరుకైంది. మట్టి గూడ అయిపోయిందట."

పాప నా మొహం చూసి ఎవరు చచ్చిపోయారని జర్మన్‌లో అడిగింది. "అమ్మ ఇదివరకు అద్దెకున్న ఇంటావిడ" అన్నాను. ఆ మాటలో ఇమిడే మనిషా ఆవిడ! ఆవిడ ఎందులోనూ ఇమడలేదు. బతికినన్నాళ్ళూ ఆవిడ తగువే అది.

ఇల్మెనౌలో హాస్టల్ గది దొరక్క దిక్కులు చూస్తున్నప్పుడు ఎవరో ఆవిడ ఇల్లు చూపించారు. తూర్పు జర్మనీ కాలం నాటి కాంక్రీటు అపార్ట్‌మెంటు, పై అంతస్తు. తలుపు తీసి నన్ను కింది నుంచి పైకి చూసింది. ముందు బూట్లు, తర్వాత చేతులు, చిట్టచివర మొహం. అందరినీ అలాగే చూసేది. మొహాలు అబద్ధాలాడతాయని ఆవిడ గట్టి నమ్మకం. రోజంతా పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ పొట్టు కోటు జేబులో వేసుకునేది. తాళం చెవి బయటికి తీస్తే దాంతో పాటు గుప్పెడు పొట్టు రాలేది. మెట్ల మీద ఆ పొట్టు పడి ఉందంటే మామ్మ ఇంట్లో ఉన్నట్టు. పక్కింటివాళ్ళు ఎన్నిసార్లు గొణిగినా ఆ అలవాటు మారలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

నన్ను 'దేవొచ్కా' అనేది. రష్యన్‌లో పిల్లా అని. నేను ఆవిణ్ణి 'ఓమా' అనేదాన్ని, జర్మన్‌లో అమ్మమ్మా అని. మేం మాట్లాడుకున్నది జర్మన్‌లోనే, ఇద్దరిదీ వచ్చీరాని జర్మనే. అందుకే ఒకరిదొకరికి బాగా అర్థమయ్యేది.

కొత్త అడ్రసు నమోదు చేయించుకోడానికి, అదే ఆన్‌మెల్డుంగ్‌కి, నన్ను తనే తీసుకెళ్ళింది. చర్చి పన్ను కోసం అక్కడ మతం అడుగుతారు. నేను "ఇస్లాం" అన్నాను. గుమాస్తా టకటకా కొట్టేసుకుని తర్వాతి ప్రశ్నకి వెళ్ళాడు. బయటికొచ్చాక మామ్మ మెట్ల మీదే ఆగి పొట్ట పట్టుకుని నవ్వింది.

"ఒక్క మాట! ఒక్క మాటన్నావు, రాసేసుకున్నాడు! మీ అమ్మ ఎవరని అడగలేదే!"

ఇందులో నవ్వేందుకేముందో నాకప్పుడు తెలియలేదు.

అయితే అలా అడిగేవాళ్ళు నాకూ తగలకపోలేదు. మేం చీరాల దగ్గర దూదేకులవాళ్ళం. పేర్లు సాయిబుల పేర్లు, ఇంట్లో మాట మాత్రం తెలుగు. మా నాయనమ్మకి నమాజు నాలుగు ముక్కలొస్తే తెలుగు సామెతలు నాలుగొందలొచ్చు. ఇల్మెనౌలో మొదటి శుక్రవారం యూనివర్సిటీ ప్రార్థన గదికి వెళ్తే ఒక హైదరాబాద్ అమ్మాయి ఆప్యాయంగా పక్కన కూర్చోబెట్టుకుంది. నా పేరడిగి ఉర్దూ అందుకుంది. నేను తెల్లమొహం వేశాను.

"ఉర్దూ నై ఆతీ? ఫిర్ కైసే ముసల్మాన్ జీ తుమ్?" అని నవ్వింది. ఉర్దూ రాకపోతే ఇంకేం ముస్లింవి అని. ఆ పిల్ల మనసులో విషం లేదు, తర్వాత నాకు బిర్యానీ కూడా పెట్టింది. అయినా ఇంటికొచ్చి వంటింట్లో కూర్చుని ఏడ్చాను. మామ్మ ఓదార్చలేదు. గుప్పెడు గింజలు నా చేతిలో పోసి, "కొరుకు. పళ్ళకి పనుంటే ఏడుపు రాదు" అంది.

సినిమాల సంగతి చెప్పాలి. ఊళ్ళో ఒక చిన్న సాంస్కృతిక సంఘం హాల్లో నెలకోసారి సాయంత్రం ఆవిడ సినిమా వేసేది. వచ్చేది రిటైరైన టీచర్లు, ఒక పాత పాస్టరు, కేకు కోసం మా తెలుగు బ్యాచి. సినిమా మామ్మ అని పేరు పెట్టింది మా గుంటూరు పిల్లలే. అన్నీ ఒకే రకం సినిమాలు. యూదుల పిల్లలు, పన్నెండూ పదమూడేళ్ళ వాళ్ళు, ఎదిగీ ఎదగక ఇంట్లోవాళ్ళ ప్రాణాలు తోడేసేవాళ్ళు. గొంతు మారుతున్న పిల్లాడు గుళ్ళో అందరి ముందూ నిలబడి తమ గ్రంథం చదవాలి, అలా చదివితేనే వాళ్ళలో పెద్దవాడైనట్టు, ఆ రోజే వాడికి జ్వరం. అమ్మ కుట్టించిన గౌను వద్దని బాత్రూంలో తలుపేసుకున్న పిల్ల. తండ్రి మతం అక్కర్లేదని, తల్లి మతం తెలియదని సైకిలేసుకుని పారిపోయే పిల్లాడు. ఏ దేశం సినిమా అయినా సరే, ఈ వయసు పిల్లలుంటే చాలు.

జనవరిలో, యుద్ధంలో చంపేసిన యూదుల స్మారక దినానికి, ఆ కాలం గురించిన సినిమా ఒకటి వెయ్యమని సంఘం వాళ్ళు ఏటా బతిమాలేవాళ్ళు. ఏటా కాదనేది.

"వీళ్ళకి ఏడవడానికి చనిపోయిన పిల్లలు కావాలి. ఏడ్చేసి శుభ్రంగా ఇంటికెళ్ళి పడుకుంటారు. నాకు మొటిమలొచ్చిన పిల్లలు కావాలి, దేవొచ్కా. అమ్మ మీద అరిచేవాళ్ళు. బతికున్నవాళ్ళు."

సినిమా నడుస్తుంటే నోరు ఊరుకునేది కాదు. "చూడు, అబద్ధమాడబోతున్నాడు", "వీడి నాన్న చూడు, భోజనాల బల్ల దగ్గరెప్పుడూ తలెత్తడు" అని వ్యాఖ్యానం. పిల్లాడు చదవడం పూర్తిచేసి తలెత్తగానే టక్కున ఆపేసేది. ఆ తర్వాత విందు, డాన్సు, ముగింపు ఏవీ చూడనిచ్చేది కాదు. "ఇక్కణ్ణుంచి తిండే" అనేది. ఆ పిల్లలంతా ఎక్కడో నిజంగా ఉన్నట్టే, మర్నాడు టీ తాగుతూ వాళ్ళ గురించి బెంగపడేది.

నా మొదటి సినిమాలో ఒక పన్నెండేళ్ళ పిల్ల. ఇల్లంతా చుట్టాలు, కొత్త గౌను, కళ్ళొత్తుకుంటున్న తల్లి, పిల్ల సిగ్గుతో చితికిపోతోంది. చూడగానే నాకంతా తెలిసిపోయింది. సినిమా అయ్యాక మామ్మ అందరి ముందూ నన్ను లేపి, "మీ దగ్గర ఇలాంటిది ఉందా?" అంది. లేకేం, అన్నాను. మా దగ్గరా పిల్లకి రెగెల్ వస్తే ఫంక్షను చేస్తాం అన్నాను. జర్మన్‌లో నెలసరిని రెగెల్ అంటారని క్లాసులో నేర్చుకున్నాను. నియమం అన్నా కూడా రెగెలే. హాల్లో అందరూ పిల్లకి ధర్మశాస్త్రం అబ్బడం అనుకున్నారు, సినిమాలో వేడుక దానికే మరి. పాస్టరు కళ్ళు మూసుకుని భక్తిగా తలూపుతున్నాడు. నేను ఉత్సాహంగా ఎత్తుకున్నాను: పిల్లని మూల చాప మీద కూర్చోబెడతాం, కంచం గ్లాసు వేరు, కొన్నాళ్ళు నీళ్ళు పొయ్యం, నువ్వులూ బెల్లం దంచి చిమ్మిలి తినిపిస్తాం, నడుం గట్టిపడుతుందని.

తలూపడం ఆగిపోయింది. ఎవరో దగ్గారు. అందరికంటే ముందు అర్థమైంది మామ్మకి. నోట్లో గింజలు ఎగిరి ముందు వరసలో పడేలా నవ్వింది. కళ్ళ నీళ్ళు తుడుచుకుని, "మీ భాషలో దాన్నేమంటారు?" అంది.

"పెద్దమనిషి అయింది అంటాం."

"అంటే?"

"పెద్దమనిషి అంటే ఊళ్ళో మాట చెల్లే మనిషి. తగువు తీర్చే మనిషి. ఆడపిల్లకైతే ఇలా."

ఆవిడ నవ్వాపేసింది. ఇంటికి నడుస్తూ దారంతా ఆ మాటని నోట్లో వేసి నానబెట్టింది. "పెదామనీష్." చివరికి వీధి మలుపులో అంది: "మా దగ్గరా రక్తంతోనే దేవొచ్కా. కాకపోతే పిల్ల రక్తం కాదు, తల్లి రక్తం. తల్లి యూదు అయితేనే బిడ్డ యూదు. మా నాన్న యూదు, మా అమ్మ రష్యన్. అందుకని నేను, ఈ జుట్టంతా నెరిసినా, ఇంకా పెదామనీష్ కాలేదు."

ఆ తర్వాత దాన్ని వాడని రోజు లేదు. డాక్టరు దగ్గర టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, దొరక్కపోతే "పెదామనీష్‌ని కాదుగా" అనేది. నవ్వుతూనే అనేది. నాకు మాత్రం ఆ మాట నేర్పకపోయినా బాగుండేదని ఉండేది.

తన కథ ఒకసారి మధ్యాహ్నం బీట్‌రూట్ తొక్క తీస్తూ చెప్పింది. సోవియట్ కాలంలో పదహారో ఏట పాస్‌పోర్టు ఇచ్చేవాళ్ళు. అందులో జాతి అని ఒక గడి. యూదు కూడా అక్కడ ఒక జాతి. తల్లిదండ్రులవి వేరువేరు జాతులైతే పిల్లలు ఒకటి ఎంచుకోవచ్చు. రష్యన్ అని చెప్పమని తల్లి ముందురోజు నుంచీ కాళ్ళావేళ్ళా పడింది. రష్యన్ అయితే కోరుకున్న చదువుకు పోవచ్చు. ఈవిడ సినిమా తీయడం నేర్చుకోవాలనుకుంది. తండ్రి ఒక్క మాటా అనలేదు. ఆఫీసు దాకా వచ్చి బయటే ఉండిపోయాడు, సిగరెట్టు కాలుస్తూ.

"లోపల ఆవిడ, కలం పట్టుకుని, రష్యన్ అనే రాయనా అమ్మాయీ అంది. యూదు అన్నాను. కలం కింద పెట్టేసింది. ఇది చెరపడానికి ఉండదు, ఆలోచించుకో అంది. ఆలోచించుకునే వచ్చాను అన్నాను. బయటికొచ్చి నాన్నకి చెప్పాను. చెంప మీద కొట్టాడు. జన్మలో ఎప్పుడూ కొట్టని మనిషి. కొట్టిన చోటే ముద్దు పెట్టుకుని ఏడ్చాడు. ఆ సినిమాల్లో పిల్లలకి కేకులూ గౌన్లూ. నాకు అది."

సినిమా చదువు రాలేదు. ఫ్యాక్టరీ ఊళ్ళో బడి పంతులమ్మ అయింది. తల్లి పోయాక, ఆ దేశం ముక్కలయ్యాక, యూదులొస్తే రానిస్తామని జర్మనీ అంటే తండ్రిని తీసుకుని ఇక్కడికొచ్చింది. సర్కారు ఇద్దరినీ యూదులనే రాసుకుంది. ఇక్కడి యూదుల సంఘం మాత్రం తండ్రిని చేర్చుకుని కూతుర్ని గుమ్మం దగ్గర ఆపేసింది. అక్కడ యూదు అని చదువు ఇవ్వలేదు, ఇక్కడ యూదు కాదని చోటివ్వలేదు. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఎవరో నాకు అప్పుడు తెలిసింది.

తండ్రి సమాధి రైల్లో గంట దూరంలో ఉన్న ఊళ్ళో, యూదుల శ్మశానంలో. ఒకసారి నన్నూ తీసుకెళ్ళింది. రాయి మీద గులకరాయి పెట్టింది, వాళ్ళ పద్ధతి. పక్కనే ఒక మనిషి పట్టేంత ఖాళీ నేల, గడ్డి. దాని మీద నిలబడి కాలితో తొక్కి చూపించింది.

"పోయేముందు నాన్న అడిగాడు, ఈ దేశంలో నేనొక్కణ్ణే ఎలా పడుకోవాలని. నీ పక్కనే ఉంటానన్నాను. ఇదుగో, ఇక్కడ."

ఆ నేలలోకి యూదుల్నే రానిస్తారు. ఆవిడ జీవితంలో ఇక మిగిలిన కోరిక ఆ గడ్డి ముక్కే.

దారి లేకపోలేదు. ఆ ఊరి రబ్బీ, అంటే వాళ్ళ మతగురువు, కుర్రవాడు, మంచివాడు. మామ్మ పిలిస్తే ఒకనాడు సినిమాకి వచ్చాడు. సైకిల్ పిల్లాడి సినిమా, వాడికి తండ్రి మాత్రమే యూదు. అయిపోగానే మామ్మ లైటు వేసి అందరి ముందూ అడిగింది.

"చెప్పండి. ఈ పిల్లాడు యూదేనా?"

రబ్బీ కుర్చీలో ఇబ్బందిగా కదిలాడు. "శాస్త్రం ప్రకారం కాదమ్మా. కానీ చేరవచ్చు. ఒక సంవత్సరం చదువుకోవాలి, ముగ్గురు పెద్దల ముందు నిలబడాలి, పవిత్ర స్నానం చెయ్యాలి. మీరు రండి. నేనే మీ ఇంటికొచ్చి చెప్తాను. నాకు గౌరవం."

నిజంగానే అన్నాడు.

"చేరడమా? బయట ఉన్నవాళ్ళు చేరతారు నాయనా. నేను పదహారేళ్ళప్పుడే చెప్పేశాను. దానికి పడాల్సిన శిక్షంతా పడ్డాను. ఇప్పుడు మళ్ళీ ముగ్గురి ముందు నిలబడి, ఇన్నాళ్ళూ నేను కాదు, ఈ రోజు నుంచి అవుతాను అనాలా?"

రబ్బీ వెళ్ళేటప్పుడు ఆవిడ చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఇంటికొచ్చాక నేను ఊరుకోలేకపోయాను. "ఓమా, ఒక్క సంవత్సరమేగా! నీళ్ళలో ఓ మునక మునిగితే నాన్న పక్కన ఉంటావు. పంతం దేనికి?" అన్నాను.

బూట్లు విప్పుతున్నదల్లా ఆగి నన్ను చూసింది, ఈసారి మొహమే. "నువ్వు ముస్లిం అవడానికి ఉర్దూ క్లాసులో చేరతావా?"

"నేనెందుకు చేరతా? నేను ముందే..." అని ఆగిపోయాను.

"ఆఁ" అంది. అంతే, బూట్లు విప్పుకుంది.

తర్వాతి రోజులు చెడ్డవి. దూరాన యూదుల దేశంలో యుద్ధం మొదలయ్యాక ఇక్కడ గోడలకి నోళ్ళొచ్చాయి. హాలు బయట అంటించిన పోస్టర్ మీద పిల్లాడి ముఖానికి ఎవరో పొడవాటి ముక్కు గీశారు, యూదుల్ని వెక్కిరించే పాత గీత. ఎవరో ఎప్పటికీ తెలియలేదు. మామ్మ దాన్ని తీయలేదు, తీయనివ్వలేదు. "ఇదీ సినిమాలో భాగమే" అంది. తర్వాతి నెల పోలీసు కాపలా లేకుండా వెయ్యలేమన్నారు సంఘం వాళ్ళు. ఆ పైనెల, పరిస్థితులు కుదుటపడ్డాక చూద్దామన్నారు. పరిస్థితులు కుదుటపడలేదు. సినిమాలు ఆగిపోయాయి. పని లేని మామ్మని నేను మొదటిసారి చూశాను. గింజలు అలాగే గిన్నెలో ఉండిపోయేవి.

అప్పుడే నాకిక్కడ ఉద్యోగం వచ్చింది, ఆ వెనకే పెళ్ళి, పాప. ఆవిడ జారిపడి తుంటి విరిగితే, కొండల్లో ఏదో చిన్న ఊళ్ళో వృద్ధాశ్రమంలో పెట్టారు. ఫోన్ చేస్తుండేదాన్ని. చివరిసారి మాట్లాడినప్పుడు గొంతు బాగా పీలగా ఉంది.

"నాన్న రోజూ కల్లోకొస్తున్నాడు దేవొచ్కా. ఎప్పుడొస్తావంటున్నాడు."

"రబ్బీకి ఫోన్ చెయ్యనా ఓమా? ఇప్పటికైనా నిన్ను చేర్చుకుంటాడు. నేను మాట్లాడతాను."

"చెయ్యమనే అనిపిస్తోంది" అంది. "భయమేస్తోంది, ఒక్కదాన్నే ఎక్కడో పడుకోవాలంటే. కానీ ఆ పదహారేళ్ళ పిల్లకి ఏం చెప్పను? అది అంత ధైర్యంగా చెప్పొచ్చింది. నేను దాన్ని ఎలా కాదనను?"

చెయ్యొద్దంది. నేను చెయ్యలేదు.

తమ్ముడి ఫోన్ తర్వాత వచ్చిన శనివారం ఇద్దరం రైల్లో కలుసుకుని ఆశ్రమం ఉన్న ఊరు వెళ్ళాం. మునిసిపాలిటీ శ్మశానం, వాన తుంపర. దహనం వద్దని ఆశ్రమంలో ముందే చెప్పుకుందట, అంతవరకు విన్నారు. కొత్త మట్టి కుప్ప మూలగా ఉంది. దగ్గరికెళ్ళి చూస్తే దాని నెత్తిన చెక్క శిలువ.

తమ్ముడు నోరు తెరిచాడు. "ఇదేందక్కా?"

తోపుడు బండితో ఆకులు ఎత్తుతున్న పెద్దాయన్ని పిలిచాను. ఇదెవరు పెట్టారన్నాను.

"రాయి వచ్చేదాకా అందరికీ అదే పెడతాం."

"ఆవిడ క్రిస్టియన్ కాదు. యూదు."

"యూదులైతే వాళ్ళవాళ్ళు తీసుకెళ్ళేవాళ్ళు కదమ్మా. అడిగారట. మా మనిషి కాదన్నారట." ఆయన మర్యాదగానే మాట్లాడుతున్నాడు. "యూదు అని మీకెవరు చెప్పారు?"

"ఆవిడే చెప్పింది."

"అది చాలదు. ఆఫీసులో టెర్మిన్ తీసుకోండి. బంధువులైతే మారుస్తారు. మీరు బంధువులా?"

తమ్ముడు తెలుగులో గొణిగాడు, "ఊఁ అనక్కా, ఎవడు అడగొస్తడు."

"మనవరాల్ని" అన్నాను.

ఆయన నా రంగు చూశాడు, తలమీది స్కార్ఫు చూశాడు. "కాగితమేదైనా ఉందా?"

"లేదు. నేనే చెప్తున్నాను."

ఆయన బండి తోసుకుంటూ అవతలి వరసలోకి వెళ్ళిపోయాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

శిలువ మీద నాకే కోపమూ లేదు. రెండు చేతులా పట్టుకుని లాగాను. నేల ఇంకా గుల్లగానే ఉంది, తేలిగ్గా వచ్చేసింది. తమ్ముడు దాన్ని అందుకుని మట్టి తుడిచి, తడవకుండా పనిముట్ల గది చూరు కింద గోడకు ఆనించి వచ్చాడు. నాకు ఏడుపాగలేదు. ఇద్దరం ఆ మట్టి ముందు నిలబడ్డాక గానీ నేను చేసిందేమిటో కనపడలేదు. ఆవిడ పేరు ఆ చెక్క మీదే రాసి ఉంది. ఇప్పుడక్కడ పేరు కూడా లేదు.